సీల్డ్ బ్యాటరీకి రంధ్రాలు పెట్టి యాసిడ్ పోస్తామంటున్నారు, పోయించవచ్చా?

పానగల్లు చెరువుగట్టు

కారు కొని ఆరేళ్లు. బ్యాటరీ మార్చి 14 నెలలే అయింది. 35 ఆంపియర్ అవర్ సామర్థ్యం ఉన్న సీల్డ్ బ్యాటరీ, జన్మలో నీళ్లు పోసే పని లేదని చెప్పి అంటగట్టారు. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం. సోమవారం తెల్లవారకముందే బస్సెక్కితే మళ్లీ శనివారం రాత్రికే ఇల్లు. అన్ని రోజులూ కారు నల్లగొండలో ఇంటి ముందు రేకుల కింద ఉంటుంది. ఈ ఎండాకాలంలో ఇది మూడోసారి. ఆదివారం పొద్దున తాళం తిప్పితే టకటకమని చప్పుడు, డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారి ఆరిపోవడం. అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన రోజు కూడా ఇదే జరిగింది. ఆటో మాట్లాడుకుని వెళ్లాం.

కొన్న దుకాణానికి మోసుకెళ్తే రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, పైన ఉండే చిన్న గాజు కన్నులో పచ్చ రంగు చూపించి, బ్యాటరీ బాగానే ఉంది, మార్చి ఇవ్వడం కుదరదన్నారు. ఇంకో మెకానిక్ మాత్రం లోపల యాసిడ్ ఎండిపోయి ఉంటుంది, మూతకు ఆరు రంధ్రాలు పెట్టి పోస్తే ఇంకో రెండేళ్లు ఢోకా లేదన్నాడు. ఆరు వందలు అడిగాడు.

ఇంకొక సంగతి. నిన్న చీకటి పడ్డాక ఆ కన్నులో రంగు కనబడక నాన్న లైటర్ వెలిగించి వంగబోయారు. చేయి పట్టుకుని వెనక్కి లాగాను. సీలు వేసిన డబ్బాకు ఏమవుతుందిరా అని ఆయనకు కోపం వచ్చింది. సరైన జవాబు చెప్పడం నాకు రాలేదు. రంధ్రాల సంగతి, లైటర్ సంగతి రెండూ తెలిసినవారు చెప్పండి.

జడ్చర్ల స్టీరింగ్

ఆ చేయి లాగినందుకు మీకు దండం పెట్టాలి. రంధ్రాలు మాత్రం పెట్టించకండి. మిగతాది పెద్దలు చెబుతారు.

మిర్యాలగూడ ధాన్యం లారీ

లైటర్ సంగతి నేను చెబుతాను, కళ్లారా చూశాను కాబట్టి. మిల్లు ముందు అన్‌లోడింగ్ కోసం లారీలు వరుసలో ఆగి ఉన్నాయి. మా ముందు బండి డ్రైవర్ తన బ్యాటరీని అప్పుడే ఛార్జింగ్ నుంచి తీసి బిగించాడు. సెల్ఫ్ అందుకోవడం లేదని ఆయన టెర్మినల్ చూడటానికి అగ్గిపుల్ల గీశాడు. మంట కనబడలేదు, తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు. మూత రెండు ముక్కలై ఒకటి మా బండి టైరు దగ్గర పడింది. ఆయన అదృష్టం, ఆ క్షణంలో తల పక్కకు తిప్పి క్లీనర్‌తో మాట్లాడుతున్నాడు. చెంప మీద, మెడ మీద యాసిడ్ పడింది. మిల్లు కుళాయి కింద తల పెట్టించి పావుగంట సేపు నీళ్లు వదిలాం.

నాకు గుర్తున్నది ఇంకొకటి. నా చొక్కాకు ఏమీ కాలేదనుకున్నాను. మర్నాడు మా ఇంటావిడ ఉతికి ఆరవేస్తే ముందు భాగమంతా జల్లెడలా రంధ్రాలు. చుక్కలు పడినట్టు నాకు తెలియనే లేదు. అవే చుక్కలు కంట్లో పడి ఉంటే?

నకిరేకల్ కోడలు

అన్నా, అది మూతలు తీసి నీళ్లు పోసే పాత రకం కదా? వీరిది సీల్డ్. అందులోంచి గ్యాస్ ఎలా వస్తుంది? మా కారులోనూ సీల్డే ఉంది, ఇంతకాలం భయం లేదనుకున్నాను.

పాలమూరు పంతులమ్మ

ఈ సందేహం చాలా మందికి ఉంది, కొంచెం వివరంగా రాస్తాను. నేను ఇంటర్ పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతాను. ఈ పాఠం వచ్చినప్పుడల్లా పాత బ్యాటరీని బల్ల మీద పెట్టే మొదలుపెడతాను.

ఈ బ్యాటరీ సూత్రం 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టినది. ఇప్పటికీ మన కార్లలో నడుస్తున్నది అదే. డబ్బాలో ఆరు గదులుంటాయి. ఒక్కో గదిలో ధన పలకల మీద లెడ్ డయాక్సైడ్, రుణ పలకల మీద స్పాంజిలా గుల్లగా ఉండే సీసం, వాటి మధ్య నీరు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం. గదికి దాదాపు 2.1 వోల్టుల చొప్పున ఆరు గదులకు 12.6 వోల్టులు. కరెంటు వాడుతున్నకొద్దీ రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. ఆ సల్ఫేట్ ఆమ్లంలోంచే వస్తుంది కాబట్టి ఆమ్లం పలచబడి నీళ్లలా తయారవుతుంది. ఛార్జింగ్ పెడితే సల్ఫేట్ విడిపోయి ఆమ్లం మళ్లీ చిక్కబడుతుంది. అంటే దిగిపోయిన బ్యాటరీలో ఆమ్లం ఎక్కడికీ పోలేదు, పలకల్లో దాక్కుంది.

ఇక గ్యాస్. ఛార్జింగ్ నిండిన తర్వాత కూడా కరెంటు తోస్తూ ఉంటే అది పలకలను వదిలి నీటి మీద పడుతుంది. నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ముఖ్యంగా 14.4 వోల్టులు దాటితే ఈ పని జోరుగా సాగుతుంది. పాత రకంలో పలకల జాలీ సీసానికి ఆంటిమొనీ కలిపేవారు, దానివల్ల గ్యాస్ ఎక్కువ. ఇప్పుడు కాల్షియం కలుపుతున్నారు, గ్యాస్ బాగా తగ్గింది, అందుకే నీళ్లు పోసే అవసరం పోయింది. తగ్గింది అన్నాను, ఆగిపోయింది అనలేదు. సీల్డ్ అని మనం పిలిచే చాలా కారు బ్యాటరీల మూత పక్కన గ్యాస్ బయటికి పోవడానికి సన్నని దారి ఉంటుంది. దానికి అడ్డంగా చిన్న బిళ్ల పెడతారు. బయటి నిప్పు లోపలికి పాకకుండా అది ఆపుతుంది. నిజంగా గ్యాస్‌ను లోపలే తిరిగి నీరుగా మార్చుకునేవి వేరే ఉన్నాయి. గాజు పీచు దుప్పటిలో ఆమ్లాన్ని పీల్చి ఉంచే ఏజీఎం రకం, జెల్ రకం. వాటికి కూడా ఒత్తిడి పెరిగితే తెరుచుకునే వాల్వు ఉంటుంది. గ్యాస్ అసలు బయటికి రాని సీసపు బ్యాటరీ అంటూ ఏదీ లేదమ్మా.

గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బ్యాటరీ మీదికి వంగి లైటర్ వెలిగించడమంటే కనబడని గ్యాస్‌లో తల పెట్టి నిప్పు అంటించడమే. వారి నాన్నగారికి ఈ మాట చెప్పండి.

పానగల్లు చెరువుగట్టు

చదివి వినిపించాను మేడం. ఏమీ అనలేదు, లైటర్ మాత్రం ఆ జేబులోంచి ఈ జేబులోకి మార్చుకున్నారు.

సూర్యాపేట గ్యారేజీ

నా మాట చాలా మందికి నచ్చదని తెలుసు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. రంధ్రాలు పెట్టి పోసిన బ్యాటరీలు నా చేతి మీదుగా ఎన్నో వెళ్లాయి, కొన్ని ఏడాది నడిచాయి కూడా. పేదవాడికి కొత్త బ్యాటరీకి నాలుగు వేలు పెట్టే స్తోమత లేనప్పుడు వేరే దారి చూపించాలి కదా? అందరూ మోసగాళ్లేనన్నట్టు మాట్లాడటం బాధగా ఉంది.

జడ్చర్ల స్టీరింగ్

మోసం అని ఎవరూ అనలేదన్నా. ప్రమాదం అంటున్నాం.

పాలమూరు పంతులమ్మ

గ్యారేజీ గారూ, మీ ఉద్దేశం మంచిదే, ఒప్పుకుంటాను. ఒక్క విషయం ఆలోచించండి. బ్యాటరీలోంచి ఏళ్ల తరబడి పోయింది ఏమిటి? హైడ్రోజన్, ఆక్సిజన్. అంటే నీరు. ఆమ్లం ఆవిరి కాదు, లోపలే మిగులుతుంది. పోయినది నీరైతే పోసేది యాసిడ్ ఎందుకు? అసలే చిక్కబడిన ఆమ్లానికి ఇంకా ఆమ్లం కలుపుతున్నాం. పైగా బ్యాటరీ దిగి ఉన్నప్పుడు పోస్తే, ఛార్జింగ్ ఎక్కాక పలకల్లో దాక్కున్నది కూడా బయటికి వచ్చి ఇంకా చిక్కనవుతుంది. నిండుగా ఉన్నప్పుడు దాని సాంద్రత 1.28 దాటకూడదు. మన వేడి ప్రాంతాలకైతే ఇంకొంచెం తక్కువే మేలు. చిక్కటి ఆమ్లం మొదటి నెల సెల్ఫ్ బాగా కొట్టిస్తుంది, అందుకే మీకు బాగైనట్టు కనిపించింది. ఆ తర్వాత పలకల జాలీనే తినేస్తుంది.

మిర్యాలగూడ ధాన్యం లారీ

డ్రిల్లు సంగతి కూడా చెప్పండి మేడం. తిరిగే డ్రిల్లులోంచి నిప్పురవ్వలు వస్తాయి. కింద గ్యాస్ ఉంటుంది.

పాలమూరు పంతులమ్మ

అవును, అదే అసలు భయం. పైగా ఆ రంధ్రాలకు తర్వాత ఎం-సీల్ పెట్టినా, కొవ్వొత్తి మైనం పోసినా, నిప్పును ఆపే బిళ్ల ఉన్న దారి మాత్రం ఇక లెక్కలో లేనట్టే. కారు గుంతలో పడి ఊగినప్పుడల్లా యాసిడ్ ఉబికి బానెట్ కింద ఇనుమును తింటుంది.

సూర్యాపేట గ్యారేజీ

నీరు పోయిన చోట యాసిడ్ పోస్తున్నామన్న మాట నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. మా మేస్త్రి చేసినట్టే నేనూ చేశాను. పాత రకం బ్యాటరీలకైతే డిస్టిల్డ్ వాటరే పోస్తాను, అది తెలుసు. సీల్డ్ వాటి మీద ఇక డ్రిల్లు పెట్టను. కానీ చెరువుగట్టు తమ్ముడి బ్యాటరీ 14 నెలలకే ఎండిపోదు, అది మాత్రం నా అనుభవంతో చెబుతున్నాను. ఇందులో వేరే కారణం ఉంది.

గడియారం సెంటర్ వైరింగ్

ఇప్పుడు అసలు మాటకు వచ్చారు. నేను ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. చెరువుగట్టు గారూ, వోల్టేజీ, కరెంటు కొలిచే మల్టీమీటర్ ఉందా? మూడు వందలకు మామూలుది దొరుకుతుంది. కారు ఆపి కనీసం నాలుగైదు గంటలు కదపకుండా ఉంచి టెర్మినళ్ల మీద వోల్టేజీ చూడండి. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12 దగ్గర ఉంటే పావు వంతు కూడా అనుమానమే. తర్వాత ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు మీటరు చూడండి. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనపడినట్టు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంతకు తక్కువైతే డైనమో ఛార్జింగ్ ఇవ్వడం లేదు. ఎక్కువైతే బ్యాటరీని ఉడకబెడుతోంది, అప్పుడు కుళ్లిన కోడిగుడ్ల వాసన కూడా వస్తుంది. ఆ వాసన వస్తే వెంటనే బండి ఆపి దూరంగా జరగాలి.

దుకాణం వారు చూపించిన ఆ కన్ను సంగతి. దాన్ని మ్యాజిక్ ఐ అంటారు. లోపల ఒక పచ్చ గోళీ ఉంటుంది. ఆమ్లం చిక్కగా ఉంటే తేలి పచ్చగా కనిపిస్తుంది, పలచబడితే మునిగి నల్లగా కనిపిస్తుంది. ఆమ్లం మట్టమే పడిపోతే తెల్లగా లేదా లేత పసుపుగా ఉంటుంది. అలా తెల్లగా ఉంటే ఛార్జింగూ పెట్టకూడదు, ఇంకో బండితో అందుకునే (జంప్ స్టార్ట్) ప్రయత్నమూ చేయకూడదు, మార్చడమే. లోపల పలకలను కలిపే పట్టీలు తేలి ఉంటాయి, సెల్ఫ్ కొట్టినప్పుడు అక్కడ రవ్వ పుడితే డబ్బాలోనే పేలుతుంది.

నకిరేకల్ కోడలు

మాది పచ్చగానే ఉండేది, అయినా కారు కదలలేదు. చివరికి మీటరు పెడితే 10.5 వచ్చింది. పచ్చగా ఉండగా ఇదెలాగని దుకాణం ఆయనా తల గోక్కున్నాడు.

గడియారం సెంటర్ వైరింగ్

ఆ కన్ను ఒక్క గదినే చూస్తుందమ్మా, మిగతా ఐదింటి గురించి దానికి తెలియదు. 10.5 అంటే 12.6లోంచి ఒక గది రెండు వోల్టులు తీసేస్తే మిగిలిన లెక్క. మీ బ్యాటరీలో ఒక గది చచ్చిపోయింది. వారంటీకి వెళ్లినప్పుడు పచ్చ రంగు చూపిస్తే ఊరుకోకుండా మీటరు పెట్టమని అడగండి, బ్యాటరీ మీద భారం వేసి బలం చూసే లోడు టెస్టర్ పెట్టమని అడగండి. అది కొన్నవారి హక్కు.

పాలమూరు పెద్దాయన

మా కాలంలో బ్యాటరీని గచ్చు మీద పెట్టనిచ్చేవారు కాదు, కరెంటు నేలలోకి దిగిపోతుందని. కింద చెక్క వేసేవాళ్లం. వీరి దుకాణం వారు గచ్చు మీదే పెట్టి ఉంటారేమో.

పాలమూరు పంతులమ్మ

బాబాయ్ గారూ, మీ కాలంలో ఆ మాట పూర్తిగా తప్పు కాదు. అప్పటి డబ్బాలు గట్టి రబ్బరువి, ఇంకా వెనక్కి వెళ్తే చెక్కవి. తేమకు, పైన చిందిన యాసిడ్‌కు కరెంటు కొద్దికొద్దిగా జారిపోయేది. ఇప్పుడు ప్లాస్టిక్. గచ్చు ఏమీ చేయదు. పైన దుమ్ము, తేమ లేకుండా తుడిచి ఉంచితే చాలు.

పాలమూరు పెద్దాయన

సరే తల్లీ. చెక్క అలవాటు మాత్రం మానను, నడుము వంగకుండా ఎత్తుకోవచ్చు.

జడ్చర్ల స్టీరింగ్

చెరువుగట్టు గారూ, ఇంట్లో వారితో రోజూ పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఉంచమని చెప్పండి. మేమదే చేస్తాం.

గడియారం సెంటర్ వైరింగ్

దీనికి నేను ఒప్పుకోను. చిన్న కారు సెల్ఫ్ 150 ఆంపియర్లు రెండు సెకన్లు లాగినా ఒక ఆంపియర్ అవర్‌లో పదో వంతు కూడా కాదు, దాన్ని నింపడం సులువే. కానీ నిలబెట్టిన బండిలో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, పైగా ఏసీ, ఫ్యాను వేసుకుని కూర్చుంటే బ్యాటరీకి మిగిలేది చాలా తక్కువ. వారమంతా కారిపోయినది పది నిమిషాల్లో రాదు. నార్కట్‌పల్లి దాకా వెళ్లి రండి, అది మేలు. మూసిన షెడ్డులో ఇంజన్ నడపడం అసలు వద్దు, పొగ ప్రాణం తీస్తుంది.

కారిపోవడం అన్నాను కదా, అదే ఇప్పుడు చూడాలి. బండి తాళంచెవి బయటికి తీసి తలుపులన్నీ వేసి అరగంట ఆగండి. మైనస్ తీగ విప్పి, తీగకూ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌ను దాని 10 ఆంపియర్ల సాకెట్ వాడి పెట్టి చూడండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సహజం. మీటరు పెట్టి ఉండగా ఎవరూ తాళం తిప్పకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది. తర్వాత నుంచి అమర్చిన వస్తువులు ఏమైనా ఉన్నాయా? హారను, మ్యూజిక్ సిస్టమ్, కెమెరా?

పానగల్లు చెరువుగట్టు

ముందు అద్దానికి కెమెరా ఉంది. సంక్రాంతికి పెట్టించాను. ఆగి ఉన్నప్పుడు కూడా రికార్డు చేస్తుందని చెబితే సంబరపడ్డాను. మీటరు శనివారం తెస్తాను. తీగ విప్పేటప్పుడు జాగ్రత్తలు చెప్పండి, ఇంతవరకు పానా పట్టలేదు.

గడియారం సెంటర్ వైరింగ్

కెమెరా అనగానే సగం అర్థమైంది. మీటరు చెప్పనివ్వండి.

జాగ్రత్తలు. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు మైనస్ చివర. కారణం చెబుతాను, అప్పుడు మర్చిపోరు. కారు ఇనుప ఒళ్లంతా మైనస్‌తో కలిసి ఉంటుంది. ముందు ప్లస్ విప్పబోతే పానా రెండో కొస బానెట్‌కో బాడీకో తగిలిందంటే వందల ఆంపియర్లు పానా గుండా పోతాయి. మైనస్ ముందే విప్పితే ఆ దారి ఉండదు. 12 వోల్టులకు షాకు కొట్టదు నిజమే, కానీ ఇనుము ఎర్రగా కాలుతుంది. చేతికి కడియం, ఉంగరం, గడియారం, మెడలో గొలుసు తీసేసి పని మొదలుపెట్టండి. మా దగ్గర పని నేర్చుకునే పిల్లవాడు తాత ఇచ్చిన వెండి కడియం తీయనన్నాడు. ప్లస్‌కూ బాడీకీ మధ్య ఒక్కసారి తగిలింది. ఇప్పటికీ వాడి మణికట్టు చుట్టూ తెల్లటి గీత ఉంది, కడియం మందమంత. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కానే వేసుకుంటాడు.

నకిరేకల్ కోడలు

నేను గాజులతోనే టెర్మినల్ మీద తెల్ల పొడి గీకాను. ఇది చదివాక ఒళ్లు జలదరించింది. ఆ పొడి దేనితో తీయాలి?

సూర్యాపేట గ్యారేజీ

వట్టి చేత్తో తాకవద్దమ్మా, అందులో యాసిడ్, సీసం రెండూ ఉంటాయి. మైనస్, ప్లస్ విప్పాక ఒక గ్లాసు నీళ్లలో రెండు చెంచాల వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. బుసబుస పొంగుతుంది. పొంగు ఆగాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి, బిగించి, పైన పల్చగా వాజిలిన్ రాయండి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు. మూడు నెలలకోసారి ఇది చేస్తే సగం మంది మా దగ్గరికి రానే రారు.

పాలమూరు పంతులమ్మ

కళ్ల గురించి గట్టిగా చెబుతున్నాను. కంట్లో చుక్క పడితే నలపవద్దు. రెప్పలు తెరిచి పట్టుకుని ధారగా నీళ్లు, తక్కువలో తక్కువ పావుగంట. ఆ తర్వాత కళ్ల డాక్టరు దగ్గరికి. సోడా నీళ్లు టెర్మినల్‌కు మాత్రమే, కంట్లో పోయకూడదు. నిమ్మరసం, పాలు, చనుబాలు ఏవీ వద్దు. నీళ్లే మందు.

అచ్చంపేట ఘాట్ రోడ్డు

ఇంకో బండితో అందుకునే పద్ధతి కూడా ఇక్కడే రాసి పెట్టండి. శ్రీశైలం నుంచి వస్తూ మన్ననూరు దగ్గర టీ కోసం ఆగాం. పిల్లలు లైట్లు వేసి ఆడుకున్నారు, కారు కదలలేదు. పొద్దుగూకుతోంది. పక్క కారు ఆయన కేబుళ్లు తెచ్చి నాలుగు క్లిప్పులూ బ్యాటరీలకే పెట్టబోయాడు. ఒక లారీ డ్రైవర్ కేక వేసి ఆపాడు. ఎరుపు ముందు మన దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస వాళ్ల ప్లస్‌కు. నలుపు వాళ్ల మైనస్‌కు. ఆఖరి కొస మన బ్యాటరీకి కాదు, దూరంగా ఇంజన్ మీద రంగు లేని గట్టి ఇనుముకు. చివరి క్లిప్పు పెట్టినప్పుడు తప్పకుండా రవ్వ వస్తుంది, ఆ రవ్వ బ్యాటరీ గ్యాస్‌కు దూరంగా పుట్టాలి అని చెప్పాడు. నిజంగానే చిటుక్కుమంది. ఐదు నిమిషాలు వాళ్ల ఇంజన్ నడిపి, తర్వాత మాది సెల్ఫ్ కొడితే లేచింది. తీసేటప్పుడు వెనకనుంచి ముందుకు అదే వరుస. ఆ డ్రైవర్ టీ డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదు.

మిర్యాలగూడ ధాన్యం లారీ

మావాళ్లకు ఇది అన్నంతో పెట్టిన విద్య. ఒక్కటి కలుపుతాను, లారీలో 24 వోల్టులుంటాయి. లారీతో కారును ఎప్పుడూ అందుకోకండి, కారు లోపలి వైరింగంతా పోతుంది.

నకిరేకల్ కోడలు

మా ఇన్వర్టర్ బ్యాటరీకి మామగారు బోరు నీళ్లు పోస్తున్నారు. కాస్తంత నీళ్లే కదా అంటారు. ఏమని చెప్పమంటారు?

సూర్యాపేట గ్యారేజీ

మన జిల్లా బోరు నీళ్లలో ఏముందో మన పెద్దల పళ్లు, ఎముకలే చెబుతాయి. ఒక్క ఫ్లోరైడే కాదు, క్లోరైడ్, ఇనుము, సున్నం అన్నీ. మనుషులను వంచిన నీళ్లను బ్యాటరీకి పోస్తే అదీ మిగలదు. డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొని పక్కన పెట్టమనండి. ఫిల్టర్ నీళ్లూ వద్దు.

సాగర్ వల

ఇది ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. మా వైపు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించి వలలకు గుండ్లు పోసేవారు. మా పెదనాన్న ఇంటి వెనక పెరట్లోనే చేసేవాడు. మిగిలిన యాసిడ్ అక్కడే పారబోసేవారు. ఆ జాగాలో ఇప్పటికీ గడ్డి మొలవదు. పెదనాన్న మనవడు అక్కడే బుగ్గిలో ఆడుకునేవాడు. బడిలో వెనకబడ్డాడు, తరచూ కడుపు నొప్పి అనేవాడు. పట్నంలో రక్త పరీక్ష చేసి సీసం ఉందని చెప్పేదాకా మాకు తెలియదు. దయచేసి పాత బ్యాటరీ ఇంట్లో విప్పకండి.

పాలమూరు పంతులమ్మ

ఇది రాసినందుకు మీకు ఎంతో రుణపడి ఉన్నాం. పిల్లల ఒంట్లో సీసం ఇంత వరకు ఉంటే పరవాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. మెదడు ఎదిగే వయసులో అది చేసిన నష్టం తిరిగి రాదు. బ్యాటరీ బరువులో సగం పైగా సీసమే. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీని చెత్తలో కలపకూడదు, సేకరించే వారికి అప్పగించాలి. కొత్తది కొనేటప్పుడు పాతది దుకాణంలో ఇస్తే ధర కూడా తగ్గిస్తారు. ఆ అబ్బాయి ఇప్పుడు ఎలా ఉన్నాడు?

సాగర్ వల

ఇప్పుడు పదో తరగతి. ఇల్లు మార్చారు. లెక్కలు కష్టమే, బొమ్మలు మాత్రం చాలా బాగా గీస్తాడు.

పానగల్లు చెరువుగట్టు

శనివారం రాత్రి పదకొండుకు వచ్చి ఆదివారం పొద్దున్నే మీటరు పెట్టాను. ముందు మైనస్ విప్పాను, ఉంగరం అమ్మ చేతికి ఇచ్చాను. వోల్టేజీ 11.4. కారుతున్న కరెంటు 0.31 ఆంపియర్లు. గుండె జారింది. కెమెరా తీగ పీకగానే 0.03కు పడిపోయింది. కాగితం మీద లెక్క వేశాను. రోజుకు దాదాపు ఏడున్నర ఆంపియర్ అవర్లు. ఐదు రోజులకు 37. నా బ్యాటరీ మొత్తమే 35. సోమవారం పొద్దున నేను బస్సెక్కిన దగ్గర్నుంచి అది ఖాళీ అవుతూనే ఉంది. దుకాణం వారిని ఇంట్లో చాలా మాటలన్నాను. వాళ్లు బ్యాటరీ బాగుందన్నది అబద్ధం కాదు. ఎందుకు దిగుతోందో మాత్రం వెతకలేదు.

గడియారం సెంటర్ వైరింగ్

బాగా పట్టారు. కెమెరా తీగను తాళంతో పాటు ఆగిపోయే ఫ్యూజుకు మార్పించండి, అరగంట పని. ఇప్పుడు వెంటనే ఛార్జింగ్ పెట్టించండి. దిగిన స్థితిలో వదిలేస్తే సల్ఫేట్ రాయిలా గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా కరగదు. మూడుసార్లు పూర్తిగా దిగింది కాబట్టి కొంత ఆయుష్షు ఇప్పటికే తగ్గి ఉంటుంది, అది దాచను. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు లెక్కన మూడు, మూడున్నర ఆంపియర్లతో నిదానంగా ఎక్కించాలి. గంటలో ఇస్తామనే చోట పెట్టవద్దు. ఇంట్లో పెడితే కిటికీలు తెరిచి, దేవుడి దీపానికి, గ్యాస్ పొయ్యికి దూరంగా. క్లిప్పులు పెట్టాకే స్విచ్చు వేయాలి, స్విచ్చు ఆపాకే క్లిప్పులు తీయాలి. డబ్బా చేత్తో పట్టుకోలేనంత వేడెక్కినా, పొట్ట ఉబ్బినా ఆపేయండి.

సూర్యాపేట గ్యారేజీ

రేకుల కింద పెడుతున్నారు కదా, వీలైతే పైన తాటాకో గడ్డో పరిపించండి తమ్ముడూ. నల్లగొండ మే నెల ఎండ 45 దాటుతుంది, రేకు కింద బానెట్ లోపల ఇంకా ఎక్కువ. పది డిగ్రీల వేడి పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగానికి పడుతుందని మా లెక్క. ఎండాకాలం తిన్న దెబ్బ చలికాలం పొద్దున బయటపడుతుంది, డిసెంబరులో మా దగ్గర రద్దీ అందుకే. డ్రిల్లు సంగతి మా కుర్రాళ్లకు కూడా చెప్పాను.

పానగల్లు చెరువుగట్టు

ఛార్జింగ్ పెరట్లో వేపచెట్టు కింద పెట్టాం, పది గంటలు పట్టింది. కెమెరా తీగ మార్పించాను. నాన్న ఈ పోస్టులన్నీ తనే కళ్లజోడు పెట్టుకుని చదువుకున్నారు. మిర్యాలగూడ అన్న చొక్కా సంగతి రెండుసార్లు చదివారు. నిన్న చూస్తే రేకుల కింద గుంజకు మేకు కొట్టి, దారం కట్టి చిన్న టార్చి వేలాడదీశారు, బానెట్‌కు సరిగ్గా పక్కన.

పాలమూరు పంతులమ్మ

వచ్చే వారం వోల్టేజీ ఎంత ఉందో తప్పకుండా రాయండి.

పానగల్లు చెరువుగట్టు

ఆరు రోజులు కదపలేదు. ఆదివారం పొద్దున 12.5. సెల్ఫ్ కొడుతుంటే నాన్న మీటరు పట్టుకుని 10.1 అని గట్టిగా చదివారు. ఒక్కసారికే లేచింది. అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లి వచ్చాం.